ఎనిమిది కంప్యూటర్లూ క్షేమం

ఆ పెన్నుకి మూత పెట్టేయండి సార్. ముందు నేను చెప్పేది వినండి, రాసుకోవడం తర్వాత. ఇప్పుడు రాసేస్తే మళ్ళీ కొట్టేయాల్సి వస్తుంది. కొట్టివేతలున్న ఫారం మీ ఆఫీసులో తీసుకోరని నాకు తెలుసు. ముప్పై మూడేళ్ళుగా ఫారాలు నింపుతున్నదాన్ని.

మీరు నాకంటే చాలా చిన్నవారు. నా దగ్గర చదువుకుని ఉంటే ఎప్పుడో ఓసారి చెవి మెలేసే ఉండేదాన్ని. అయినా సార్ అనే అంటాను, మర్యాద మీ కుర్చీకి. కూర్చోండి. అది కాదు, దానికో కాలు పొట్టి. ఇటు రండి.

అవును, ఈ గదే. మీ అవార్డు కాగితంలో ఉన్న గది. "పదహారేళ్ళుగా ఎనిమిది కంప్యూటర్లలో ఒక్కటి కూడా చెడిపోకుండా కాపాడిన లెక్కల టీచరు." ఎవరు రాశారో గాని కమ్మగా రాశారు. అది చదివాక ఇంటికెళ్ళి ఓసారి అద్దంలో చూసుకున్నాను కూడా, ఎవరీ మహాతల్లి అని.

మీరు అటూ ఇటూ ఎందుకు చూస్తున్నారో తెలుసు. మీకు పంపిన ఫొటోలో గది ఇలా లేదు, అదేగా? ఫొటోలో ఎనిమిది మిషన్లకీ గులాబీరంగు ముసుగులు, నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు అన్నట్టు ఉంటుంది. ఇప్పుడేమో తెరల నిండా వేలిముద్రలు. ఆ మూడో కీబోర్డుకి ఒక మీట లేదు. ఆరోది అసలు వెలగడం లేదు. గోడ మీద ఆ చేతి ముద్ర ఎవరిదో కనుక్కోవాలి.

ఇదంతా మూడు వారాల్లో అయింది. నేనే అవనిచ్చాను. అందుకే రాయొద్దంటున్నాను. ఈ అవార్డు నాకు రాకూడదు సార్.

వినయం కాదండీ. వినయం నా వంట్లో ఎప్పుడూ లేదు, కావాలంటే స్టాఫ్ రూములో అడగండి.

మొదట్నుంచీ చెప్తాను. పదహారేళ్ళ కిందట అట్టపెట్టెల్లో ఈ ఎనిమిదీ దిగాయి. అప్పటి హెడ్మాస్టారు పెట్టెల చుట్టూ రెండుసార్లు తిరిగి, స్టాఫ్ రూములోకొచ్చి మమ్మల్నందర్నీ ఒక చూపు చూశారు. అందరూ తలలు దించుకుని పేపర్లు దిద్దడం మొదలుపెట్టారు. ఆ రోజు దిద్దాల్సిన పేపర్లు లేనిదాన్ని నేనొక్కదాన్నే. "లెక్కలు వచ్చిన ఆవిడకి కంప్యూటర్ రాదా ఏంటి?" అన్నారాయన. రాదు మహాప్రభో అని చెప్పడానికి అహం అడ్డొచ్చింది. సంతకం పెట్టాను.

పెట్టాక చదివాను. "వీటికి ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత ఇన్‌ఛార్జిదే." అంతే, ఆ ఒక్క వాక్యం నా నెత్తికెక్కి కూర్చుంది. పదహారేళ్ళు దిగలేదు.

నాకా, దాన్ని ఎక్కడ నొక్కితే వెలుగుతుందో కూడా తెలియదు. పెట్టెలు తెచ్చినతను చూపించి వెళ్ళాడు. నేనో చీటీ మీద రాసుకున్నాను, ఒకటి, రెండు, మూడు అని. ఆర్పడం రాసుకోలేదు. మొదటి రోజు ఎలా ఆర్పాలో తెలియక గుమస్తాని పిలిచి కరెంటు తీయించాను. ఇదీ మీ ఉత్తమ నిర్వాహకురాలి ప్రజ్ఞ.

తెలియనితనాన్ని దాచుకోవడానికి నియమాలంత మంచి దుప్పటి ఇంకోటి లేదండీ. పెట్టాను చూడండి నియమాలు. చెప్పులు బయట. చేతులు కడిగి, ఆరబెట్టుకుని రావాలి. దగ్గు వస్తే బయటికెళ్ళి దగ్గాలి. ముసుగులు నేనే కుట్టాను, ఎనిమిది, అంచులకి కుచ్చులు పెట్టి మరీ. ప్రతి శనివారం వాటిని ఉతకడం.

మా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఓ శనివారం నేను ముసుగులు పిండుతుంటే చూసి అన్నాడు, "పీట కొన్నది కూర్చోడానికా, తుడవడానికా?" అని. కోపం వచ్చి ఆ పూట కూరలో ఉప్పు వేయలేదు.

పిల్లల్ని రానివ్వలేదా అంటే, రానిచ్చాను. అక్కడే ఉంది కిటుకు. క్లాసు మొత్తాన్ని వరసలో నిలబెట్టి అడిగేదాన్ని, "ఎవరింట్లో కంప్యూటర్ ఉందో చేతులెత్తండి." నలుగురో అయిదుగురో ఎత్తేవాళ్ళు. వాళ్ళు కూర్చునేవాళ్ళు. మిగతా నలభై మంది వెనక నిలబడి చూడాలి, చేతులు కట్టుకుని. చేతులు కట్టించడం ఎందుకంటే, ఆ చేతులు ఊరికే ఉండవుగా.

అప్పట్లో అది నాకు గొప్ప తెలివైన ఏర్పాటు అనిపించింది. వచ్చినవాళ్ళైతే పాడుచేయరు కదా. రానివాళ్ళు చూసి నేర్చుకుంటారు కదా. ఈత చూసి ఈత నేర్చుకున్నవాణ్ణి ఎక్కడైనా చూశారా మీరు? నేనూ చూడలేదు. అయినా పదహారేళ్ళు అదే నేర్పాను. కడుపు నిండినవాళ్ళకే కొసరి కొసరి వడ్డించి, ఆకలిగా ఉన్నవాళ్ళని వాసన చూసి తృప్తిపడమన్నాను.

ఆ కూర్చున్న పిల్లల్లో కొందరు పెద్ద పెద్ద ఇంజినీర్లయ్యారు. నేనేం చేశానో తెలుసా? కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను, వాడు నా శిష్యుడండీ, నా ల్యాబులో తయారైనవాడండీ అని. వాడు వాళ్ళింట్లో, వాళ్ళ నాన్న కొన్న మిషన్ మీద, అయిదో ఏటి నుంచీ తయారయ్యాడు. నా ల్యాబులో వాడు చేసిందల్లా కాళ్ళూపుకుంటూ ఆడుకోవడం. పండిన చెట్టు కింద నిలబడి, నేనే పండించానన్నట్టు.

మంచినీళ్ళు తాగుతారా? తాగండి. ఇదివరకైతే ఈ గదిలోకి నీళ్ళు రానిచ్చేదాన్ని కాదు.

ఇక ఆ పిల్ల సంగతి. పేరు చెప్పను, మీరు ఎక్కడైనా రాస్తారు. నేను దానికి పెట్టిన పేరు కిటికీ పిల్ల. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. అది ఏడో తరగతి, చివరి బెంచి, నా లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే. ఈ కంప్యూటర్లు వచ్చిన మొదటి ఏడాది.

అప్పుడు దీంట్లో ఒక తాబేలు ఆట ఉండేది. ఆట అంటే ఆటా కాదు. తెర మీద చిన్న తాబేలు బొమ్మ. ముందుకు వంద అని కొడితే అది గీత గీసుకుంటూ వంద అడుగులు వెళ్తుంది. కుడికి తొంభై అంటే తిరుగుతుంది. అలా నాలుగుసార్లు చెప్తే చతురస్రం వస్తుంది. కూర్చున్న పిల్లలు చతురస్రాలు గీసి విసిగిపోయి కార్ల ఆట పెట్టుకునేవాళ్ళు.

ఓరోజు వెనక వరసలోంచి ఈ పిల్ల అడిగింది, "టీచర్, అది మనం చెప్పినట్టు ఎందుకు వింటుంది?"

నాకు తెలియదు. తెలియదని చెప్పొచ్చు, నోరు అరిగిపోతుందా? నేనన్నాను, "వినడానికే పెట్టారు దాన్ని. నువ్వూ విను. నోరు మూసుకుని."

తర్వాతి వారం అది ముందుకొచ్చి ఒక మీట మీద వేలు పెట్టేసింది. పెట్టి తీయలేదు. తెర నిండా ఒకటే అక్షరం, వరసలు వరసలుగా వచ్చేస్తోంది. నా పై ప్రాణం పైనే పోయింది. పేలిపోతుందనుకున్నాను సార్, నిజంగా. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, "పాడైపోతే మీ నాన్న తెస్తాడా?" అన్నాను. క్లాసు మొత్తం విన్నారు. అది ఏడవలేదు. ఏడ్చి ఉంటే బహుశా లోపలికి రానిచ్చేదాన్ని.

ఆ రోజు నుంచీ కంప్యూటర్ పీరియడ్‌లో అది వరండాలో ఉండేది. అదిగో, ఆ కిటికీ దగ్గర. నోట్‌బుక్ ఒకటి కిటికీ గట్టు మీద పెట్టుకుని, లోపలికి చూసి ఏదో రాసుకునేది. మూడు నెలలు చూశాను. తర్వాత ఒకరోజు, లెక్కల పుస్తకంలో రాయవు గాని పిచ్చిగీతలకి మాత్రం తీరికుందా అని ఆ నోట్‌బుక్ లాక్కుని బీరువాలో పడేశాను. అంతే, మళ్ళీ కిటికీ దగ్గరికి రాలేదు. పదో తరగతి తర్వాత చదువు మానేసిందని విన్నాను. విని, అయ్యో అనైనా అన్నానో లేదో గుర్తు లేదు.

ఇదంతా నాకు ఈ ఏడాది దాకా గుర్తే లేదండీ. అదీ సంగతి. నిద్రపట్టని అపరాధం ఏమీ కాదు. హాయిగా నిద్రపోయాను పదహారేళ్ళు.

ఈ ఏడాది మీ ఆఫీసు వాళ్ళే ఒక కాగితం పంపారు. టీచర్లందరూ ఇరవై రోజులు కంప్యూటర్ శిక్షణకి రావాలి, వయసుతో నిమిత్తం లేదు. నాకు రిటైర్‌మెంట్ పది నెలలుంది. మోకాళ్ళ నొప్పులన్నాను, కళ్ళజోడు మారాలన్నాను, డాక్టర్ సర్టిఫికెట్ కూడా తెచ్చాను. హెడ్మాస్టారు నవ్వి, "ల్యాబ్ ఇన్‌ఛార్జి మీరే రానంటే ఎలా?" అన్నారు. ఆ బిరుదే మెడకి ఉచ్చయింది.

వెళ్ళాను. నేర్పే పిల్లకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. జడ కూడా సరిగ్గా వేసుకోదు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, దేవుడి పటం ముందు కూర్చున్నట్టు.

"ఏదో ఒకటి నొక్కండి టీచర్," అంది.

"పాడైతే?"

"పాడైతే బాగుచేద్దాం," అంది. అని పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోయింది, అదేదో పెద్ద మాట కానట్టు.

ఆ జవాబు నాకు తట్టనే లేదు సార్. పదహారేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. ఇంట్లో రోజూ గడియారాలు విప్పదీసి బాగుచేసే మనిషిని పెట్టుకుని కూడా.

రెండో రోజుకి నాకు అర్థమైపోయింది, నా బుర్రకి ఇది ఎక్కదని. ఎందుకంటే పక్కన ఇద్దరు కుర్ర టీచర్లు టకటకా కొట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేనింకా కొటేషన్ గుర్తు ఎక్కడుందో వెతుక్కుంటున్నాను. అరవై ఏళ్ళ లెక్కల టీచర్ని, క్లాసులో మొద్దు పిల్లనయ్యాను. బాత్రూమ్‌కి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను. ఆ అమ్మాయితో చెప్పేశాను, "అమ్మా, వాళ్ళకున్న తెలివి నాకు లేదు, నన్ను వదిలేయ్."

అదేమందో తెలుసా? "తెలివి కాదు టీచర్. వాళ్ళింట్లో ఇది చిన్నప్పట్నుంచీ ఉంది. మీరు ఇవాళ చేస్తున్న తప్పులన్నీ వాళ్ళు పదేళ్ళప్పుడే చేసేసి వచ్చారు."

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా.

ఆరో రోజున నా అంతట నేను ఒక ప్రోగ్రాం రాశాను. పదిహేడో ఎక్కం, వంద దాకా. మూడంటే మూడు వరసలు. మొదటిసారి తప్పు, తెర మీద ఎర్రగీత. ముప్పై మూడేళ్ళు పిల్లల తప్పుల కింద ఎర్రగీతలు గీసినదాన్ని కదా, నాకు గీస్తే ఎంత మండిందో. రెండోసారీ ఎర్రగీతే. మూడోసారి నొక్కాను. పదిహేడు, ముప్పై నాలుగు, యాభై ఒకటి... జలజలా దిగిపోయింది వంద దాకా. నేను చెప్పినట్టు విన్నది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను సార్. ఎందుకు లేచానో తెలియదు. అందరూ చూస్తున్నారని మోకాళ్ళు నొక్కుకున్నట్టు నటించాను.

తర్వాత పద్నాలుగు రోజులూ వద్దన్నా వెళ్ళాను. మధ్యాహ్నం అన్నం మానేసి కూర్చునేదాన్ని. ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తుంటే, "ఇంతకీ నీ దగ్గర ఎనిమిది ఉన్నాయిగా, పదహారేళ్ళ నుంచీ?" అన్నాడు. ఆ మనిషికి మాట విసరడం రాదు, ఉత్తినే అడిగాడు.

అవునుగా? ఎనిమిది నా దగ్గరే ఉన్నాయి. తాళంచెవి నా దగ్గరే ఉంది. నేను తినలేదు, ఒకళ్ళని తిననివ్వలేదు. వేరేవాళ్ళని రానివ్వకపోవడం సరే, నన్ను నేనే రానివ్వలేదు చూడండి, అదీ నా నిర్వహణ.

శిక్షణ అయ్యాక రిటైర్‌మెంట్ కదా అని బీరువా సర్దుతున్నాను. ఆ నోట్‌బుక్ దొరికింది. పారేసే కుప్పలో వేసి, మళ్ళీ తీశాను. ఇదివరకైతే పిచ్చిగీతలే. ఇప్పుడు చదవడం వచ్చింది.

మొదటి పేజీల్లో లోపలి పిల్లలు కొట్టినవి చూసి రాసుకుంది. ముందుకు వంద, కుడికి తొంభై. తర్వాత దాని సొంతం మొదలైంది. అయిదు కొనల నక్షత్రం గీయించాలి తాబేలు చేత. ఎంత తిరిగితే నక్షత్రం వస్తుంది? తెలియదు, నొక్కి చూడ్డానికి మిషన్ లేదు. స్కేలూ కోణమానినీ పెట్టుకుని తానే తాబేలై కాగితం మీద నడిచింది. నూట ఇరవై రాసి, కొట్టేసి, పక్కన "ఇది త్రికోణం అయిపోయింది." నూట యాభై, కొట్టివేత. "కలవలేదు." నూట నలభై. "కొంచెంలో తప్పింది." నూట నలభై అయిదు. "దాటిపోయింది." ఆ కింద నూట నలభై నాలుగు. చుట్టూ సున్నా చుట్టింది. "ముందుకు వంద, కుడికి నూట నలభై నాలుగు, అయిదుసార్లు."

ఆ తాబేలు ఆట ఇంకా ఇందులో ఉంది. వెలిగించి, అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. తాబేలు వెళ్ళింది, తిరిగింది, వెళ్ళింది. అయిదో గీత వచ్చి సరిగ్గా మొదటి చుక్క మీద ఆగింది.

పన్నెండేళ్ళ పిల్ల. ఒక్క మీట నొక్కింది జీవితంలో, దానికి నేను చెయ్యి పట్టి లాగేశాను. ఆ ఏడాది నేను దానికి లెక్కల్లో వేసిన మార్కులు ముప్పై ఆరు. కోణాల పాఠంలో సున్నా.

ఇంకోటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ నోరు తెరిచాను. మీ కాగితంలో మెచ్చుకున్నారే, వాడకం రిజిస్టరు, "ప్రతి విద్యార్థి పేరు, తేదీ, గంటలతో సహా క్రమం తప్పకుండా" అని. అది క్రమం తప్పకుండా నేనే రాశాను. ప్రతి నెలాఖరునా స్టాఫ్ రూములో కూర్చుని, హాజరు పట్టీ చూసి, అందరి పేర్లూ. చేతిరాత మార్చడానికి రెండు పెన్నులు వాడేదాన్ని. అందులో ఆ పిల్ల పేరున ముప్పై ఎనిమిది గంటలున్నాయి. చూస్తారా? ఉంచండి, తర్వాత చూద్దురు గాని. ఎక్కడికీ పోదు.

వెతకడం కష్టం కాలేదు. ఈ స్కూలు వెనక రెండు వీధులవతల ఉంటోంది. మందుల పెట్టెలు మడిచే షెడ్డులో పని. పెళ్ళయింది, ఎనిమిదేళ్ళ కూతురు. నేను వెళ్ళేసరికి పని దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని వేళ్ళకి నూనె రాసుకుంటోంది, అట్ట కోసుకుంటుందట.

దారి పొడుగునా నా మాటలు నేను సిద్ధం చేసుకున్నాను. ఎలా క్షమాపణ అడగాలి, అది ఏడిస్తే ఏమనాలి, నేను ఏడిస్తే చేతిరుమాలు ఎక్కడుంది. నాటకం మొత్తం రాసుకునే వెళ్ళాను.

నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. క్లాసులో లేచినట్టే. కుర్చీ తెచ్చింది. నోట్‌బుక్ ఇచ్చాను. తిప్పి చూసింది, పేరు చూసి నవ్వింది.

"నాదేనా టీచర్? నా రాత ఇంత ఘోరంగా ఉండేదా?"

"నక్షత్రం గుర్తు లేదా? కిటికీ దగ్గర నిలబడి రాసేదానివి."

"ఆ కిటికీనా?" అంది. "గుర్తుంది టీచర్. దాని రెక్క సరిగ్గా పడేది కాదు. సందులోంచి లోపలి ఏసీ గాలి వచ్చేది. ఎండాకాలం అక్కడ చల్లగా ఉంటుందని నిలబడేదాన్ని."

అంతే సార్. నేను మోసుకెళ్ళిన క్షమాపణ తీసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. నూట నలభై నాలుగు చూపించాను. "ఏదో గీసుంటాను టీచర్, చిన్నతనం," అని నోట్‌బుక్ మడిచి పక్కన పెట్టింది. దానికి గుర్తు లేకే అందో, నా మొహం చూసి జాలిపడి అందో నాకు ఈ రోజుకీ తెలియదు. కోపం ఉంటే బాగుండేది. పోగొట్టుకున్నానని తెలిసినవాళ్ళకి కోపం వస్తుంది. దానికి అక్కడ పోగొట్టుకునేది ఒకటుందనే తెలియలేదు. మూడు నెలలు కిటికీ అద్దంలోంచి చూసి, ఇది ఇంట్లో ఉన్నవాళ్ళ వస్తువు అనుకుని తన పని తాను చూసుకుంది.

లేస్తుంటే అడిగింది, మొహమాటంగా, "మా పాప మీ బడిలోనే టీచర్, మూడో తరగతి. దానికేమైనా నేర్పుతారా, ఆ కంప్యూటరు?"

నేనేమన్నానో చెప్పడానికే మిమ్మల్ని ఇంతసేపు కూర్చోబెట్టాను.

"కొంచెం పెద్దదవనీ అమ్మా. ఇప్పుడైతే పాడుచేస్తుంది."

నా నోరే సార్. ఇంకెవరి నోరూ కాదు. క్షమాపణకని వెళ్ళి, అదే గుమ్మంలో నిలబడి, అదే మాట. బుర్ర కంటే ముందు నాలుక పరిగెత్తింది. కుక్కతోక సామెత ఉంది కదా.

ఆవిడేమందో తెలుసా? "నిజమే టీచర్," అంది. వెంటనే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన గడియారం మీదనుంచి తల ఎత్తకుండా, "రేపు తాళం తీసేయ్," అన్నాడు. తీసేశాను. ముసుగులు తీసి నేల తుడిచే గుడ్డలు చేశాను. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి అని ఇప్పటికీ అడుగుతాను, ఎత్తినవాళ్ళని వెనక నిలబెడుతున్నాను. ఇద్దరు తండ్రులు వచ్చి పోట్లాడారు. ఆ ఆరో మిషన్ మొదటి వారంలోనే పోయింది. నాలుగు రోజులు ఎవరినీ ఏమీ అనకుండా ఉండడానికి నాలుక కొరుక్కున్నాను, పుండు కూడా పడింది.

అందరూ మేధావులైపోయారా అంటే, లేదండీ. ఎక్కువమంది రెండు రోజులు నొక్కి విసుగొచ్చి మానేశారు. ఒకడు కీబోర్డు మీద తలపెట్టి నిద్రపోయాడు. ఇద్దరు మాత్రం, పొమ్మన్నా పోవడం లేదు. వాళ్ళిద్దరూ అంతకుముందు చేతులెత్తనివాళ్ళే.

కిటికీ పిల్ల కూతుర్ని కూడా తెచ్చాను. నేనే వెళ్ళి, చెయ్యి పట్టుకుని. ఈసారి లోపలికి. ఏ ఆశతో తెచ్చానో మీకు తెలుస్తూనే ఉంటుంది, తల్లి తెలివంతా కూతురిలో బయటపడుతుందని. పిల్ల రెండు సాయంత్రాలు కూర్చుంది, తాబేలు చేత రెండు ఇళ్ళు గీయించింది, మూడో రోజు "బోరుగా ఉంది టీచర్, తాడాట ఆడుకుంటా" అని వెళ్ళిపోయింది. వెళ్ళనిచ్చాను. అది చూసి వద్దంది. చూసి వద్దనడం వేరే సంగతి. నాకు బాధ లేదు.

బాధ ఆ సాయంత్రం, తల్లి పిల్ల కోసం వచ్చినప్పుడు. పిల్ల ఇంకా మైదానంలోనే ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడింది. ఎవరూ చెప్పలేదు, చెప్పులు విప్పింది. చెప్పులతో రావొచ్చమ్మా అన్నాను. వేసుకోలేదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు, ఎనిమిది కుర్చీలూ ఖాళీ. "కూర్చో," అన్నాను. తాబేలుని తెర మీదికి తెచ్చి, పక్కకి జరిగాను. "పాప వచ్చేలోగా ఒక్కసారి. ముందుకు వంద అని కొట్టు చాలు."

ఆవిడ తెర వంక చూసింది. చాలాసేపే చూసింది సార్, నేను అబద్ధం చెప్పను. కుడిచెయ్యి కొంచెం లేచింది కూడా. తర్వాత ఆ చేతిని బట్టలకి తుడుచుకుని, రెండు చేతులూ కట్టుకుంది, వెనక వరసలో పిల్లలు కట్టుకున్నట్టు.

"వద్దులెండి టీచర్," అంది. "నా చేతిలో పాడైపోతుంది."

ముప్పై మూడేళ్ళలో ఎన్నో పాఠాలు చెప్పాను. కోణాలు చెప్పాను, భిన్నాలు చెప్పాను, వడ్డీ లెక్కలు చెప్పాను. పరీక్ష కాగానే మర్చిపోయారు అందరూ. ఇదొక్కటి చూడండి, ఎంత గట్టిగా ఎక్కిందో.

సరే, రాసుకోండి ఇప్పుడు, ఈవిడకి అవార్డు ఇవ్వకూడదని. ఎక్కడ సంతకం పెట్టమంటారు?